వారానికి రెండు పూటలు వచ్చే లెక్కల మనిషి

(హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపులు, దుకాణాల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. షట్టర్లు తొందరగా దించి మరీ వచ్చారు. సంతోషం.

ఈ హాల్లో లేత్ మెషీన్ మీద పనిచేసి సొంత షెడ్డు పెట్టుకున్నవారు ఉన్నారు. రాణిగంజ్‌లో పంపులు, పైపులు అమ్మేవారు ఉన్నారు. కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడిపే అక్కలు ఉన్నారు. ఎవరి పని వారికి కరతలామలకం. బేరింగ్‌ను చేత్తో ఒకసారి తిప్పి చూసి అది ఎన్నాళ్లు వస్తుందో చెప్పగలరు. పోయిన నెల అన్ని ఖర్చులూ పోను మిగిలింది ఎంత అని అడిగితే మాత్రం చాలామంది "ఆడిటర్ గారిని అడగాలి" అంటారు. ఆడిటర్ గారు చెప్పేసరికి ఏడాది గడిచిపోతుంది. అప్పటికి నష్టం వచ్చిన సరుకు నష్టానికే అమ్ముడుపోయి ఉంటుంది, రావలసిన బాకీ పాతబడి ఉంటుంది.

నేను చాలాకాలంగా ఈ నగరంలో చిన్న దుకాణాలకు, వర్క్‌షాపులకు పార్ట్‌టైమ్‌గా లెక్కలు రాస్తున్నాను. అంటే మీరు పెట్టుకోవాలనుకుంటున్న మనిషి వైపు నుంచి మాట్లాడుతున్నాను. లెక్కలు రాసే పనిని వేరేవారికి ఇవ్వండి, ఆ లెక్కలు తెలుసుకునే బాధ్యతను మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతా మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా, మనిషి ఎప్పుడు అవసరమవుతాడు? "మాది చిన్న కొట్టు, మాకెందుకమ్మా" అని చాలామంది అంటారు. జీఎస్టీ నంబరు తీసుకోవలసిన హద్దు తెలంగాణలో సరుకులకైనా సేవలకైనా ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవర్. చాలా రాష్ట్రాల్లో సరుకులకు ఈ హద్దు 40 లక్షలు. యూట్యూబ్‌లో ఎవరో 40 లక్షలని చెబితే విని నిశ్చింతగా ఉన్నవారిని నేను చూశాను. మన రాష్ట్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. రోజుకు 5,500 రూపాయల అమ్మకం ఏడాదంతా సాగితే ఆ హద్దు దాటినట్లే. మధ్యాహ్నం, రాత్రి రెండు పూటలూ నడిచే కర్రీ పాయింట్‌కు అది పెద్ద మొత్తమేమీ కాదు.

పైగా ఇప్పుడు అమ్మకం దాగదు. డబ్బు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2025 జులైలో బెంగళూరులో చిన్నచిన్న బేకరీలు, కూరగాయల దుకాణాలవారికి యూపీఐ లెక్కల ఆధారంగానే జీఎస్టీ నోటీసులు వచ్చాయి. వారిలో కొందరు అమ్మేవి అసలు పన్ను లేని సరుకులు. ఆ మాట నిరూపించుకోవడానికి కూడా లెక్కలు కావాలి. చేతిలో లెక్కల పుస్తకం లేనివాడు తప్పు చేయకపోయినా జవాబు చెప్పుకోలేడు.

అందుకని నా సలహా ఇది: జీఎస్టీ నంబరు తీసుకున్న నెలలోనే లెక్కల మనిషినీ పెట్టుకోండి. రెండేళ్లు ఆగి, కవర్లలో కుక్కిన బిల్లులు తెచ్చి "సరిచేసి పెట్టండి" అంటే ఆ పనికి అయ్యే ఖర్చు రెండేళ్ల జీతంకన్నా ఎక్కువవుతుంది. పోయిన బిల్లులు ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రావు.

పూర్తికాలపు మనిషి అక్కర్లేదా అని అడుగుతారు. చాలా చిన్న వ్యాపారాలకు అక్కర్లేదు. సగం పూట పని ఉన్నచోట రోజంతా మనిషిని కూర్చోబెడితే ఏమవుతుందో నేను ఎన్నో చోట్ల చూశాను. మొదట బ్యాంకుకు పంపుతారు, తరువాత డెలివరీకి పంపుతారు, కౌంటర్‌లో కుర్రాడు రాకపోతే అక్కడ నిలబెడతారు. లెక్కలు అన్నింటికన్నా ఆఖరి పని అయిపోతాయి. వారానికి రెండు పూటలు వచ్చి, వచ్చినప్పుడు ఈ పని తప్ప ఇంకొకటి చేయని మనిషి అంతకన్నా మేలు.

ఇక ఎవరిని పెట్టుకోవాలన్న విషయం. బిల్లులు చూసి కంప్యూటర్‌లో ఎక్కించడం ఒక పని. ఎక్కించినదాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో, సప్లయర్ల ఖాతాలతో, జీఎస్టీ పోర్టల్‌తో సరిపోల్చడం ఇంకో పని. ఏడాది చివర సరిచూసి సంతకం పెట్టడం మూడో పని. మూడోది చార్టర్డ్ అకౌంటెంట్ మాత్రమే చేయగలిగిన పని. టర్నోవర్ కోటి దాటితే ట్యాక్స్ ఆడిట్ కావాలి. మీ వసూళ్లలో, చెల్లింపుల్లో నగదు 5 శాతానికి మించకపోతే ఆ హద్దు 10 కోట్లు. సీఏ సంతకం చేసిన ప్రతి ఆడిట్ రిపోర్టు మీద అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. దాన్ని సీఏల సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

చిక్కు వచ్చేది రెండో పని దగ్గర. అమీర్‌పేటలో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కోర్సు చేసిన పిల్లలు దొరుకుతారు, వారు మొదటి పని చక్కగా చేస్తారు. ఆడిటర్ గారు మూడో పని చేస్తారు. మధ్యలో ఉన్న రెండో పనిని ఎవరూ చేయరు. అమ్మాయి ఎక్కించింది కదా అని ఆడిటర్ గారు అనుకుంటారు, ఆడిటర్ గారు చూస్తారు కదా అని అమ్మాయి అనుకుంటుంది. మీరు జీతం ఇవ్వవలసింది ముఖ్యంగా ఈ రెండో పనికి. కొత్తగా బీకాం పాసైనవారిని తీసుకోవడం తప్పని నేను అనను, వారికీ ఎక్కడో ఒకచోట మొదలు కావాలి. అలాంటప్పుడు మూడు నెలలకోసారైనా అనుభవం ఉన్నవారు కూర్చుని చూసేలా ఆడిటర్ గారితో విడిగా మాట్లాడుకోండి. దానికి విడిగా డబ్బు ఇవ్వండి. ఉచితంగా చూడమంటే ఎవరూ చూడరు.

మనుషులు ఎక్కడ దొరుకుతారు? ముందు మీ ఆడిటర్‌నే అడగండి. ఆయన ఆఫీసులో పనిచేసి బయటికి వచ్చినవారు ఉంటారు. బ్యాంకుల్లో, ప్రభుత్వ ట్రెజరీల్లో పనిచేసి రిటైరైనవారు ఉంటారు. వారికి జీఎస్టీ కొత్తగా నేర్పించుకోవాలి గానీ, చేతిలో ఉన్న కాగితానికీ పుస్తకంలో ఉన్న అంకెకూ తేడా వస్తే వారికి నిద్ర పట్టదు. పిల్లలు పుట్టాక పూర్తికాలపు ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు ఈ నగరంలో ఎంతోమంది ఉన్నారు. ఎంకాం చదివి, పెద్ద కంపెనీల్లో పనిచేసి, ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలే ఖాళీ ఉన్నవారు. వారిని మనం వెతకడం లేదు. ఆ మూడు గంటలు మీ వ్యాపారానికి సరిగ్గా సరిపోతాయి.

బంధువుల విషయం కూడా చెప్పాలి. "మా బావమరిది చూసుకుంటాడు" అన్న మాట ప్రతి బజారులో వింటాను. బావమరిది సమర్థుడే కావచ్చు. అయినా ఆయనను బ్యాంకు లెక్క కుదిరిందా అని నిలదీసి అడగగలరా? అడిగితే పండక్కి ఇంట్లో ఏమవుతుంది? అడగగలిగితేనే అప్పగించండి. అప్పగిస్తే జీతం ఇవ్వండి. జీతం తీసుకున్నవారిని అడగడం కొంత సులువు.

ఒకే గల్లీలో పది కొట్లకు లెక్కలు రాసే మనిషి గురించీ ఒక మాట. ట్రూప్ బజార్‌లో, రాణిగంజ్‌లో ఇది మామూలే. ఆ మనిషికి మీ వ్యాపారం లోతుపాతులు బాగా తెలుసు, అది లాభం. పక్క కొట్టువాడు ఏ రేటుకు కొంటున్నాడో, మీరు ఏ రేటుకు కొంటున్నారో కూడా తెలుసు. మనిషి మంచివాడైనా మాట జారవచ్చు. అదే సరుకు అమ్మే ఎదురుకొట్టు లెక్కలు రాసేవారిని కాకుండా వేరే వ్యాపారాలు చూసేవారిని ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లకన్నా చేతిపని చూడండి. మీ పాత నెల ఒకదాని బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ నెల బిల్లుల ఫైలు ఇచ్చి ఒక పూట కూర్చోబెట్టండి. ఆ పూటకు డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోవద్దు. తరువాత ఎక్కించిన వేగం కన్నా అడిగిన ప్రశ్నలు చూడండి. "ఈ 8,000 ఎవరికి వెళ్లింది? ఈ బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు లేదు, ఎందుకు? ఇది ఇంటి కరెంటు బిల్లా, షెడ్డుదా?" అని అడిగినవారిని వదులుకోవద్దు. ఏమీ అడగకుండా, తెలియని ప్రతి ఎంట్రీనీ సస్పెన్స్ ఖాతాలో పడేసి గంటలో ముగించినవారికి పూట జీతం ఇచ్చి పంపేయండి. సస్పెన్స్ ఖాతా పెరుగుతూ పోతోందంటే మీకు మీ డబ్బు ఎటు పోతోందో తెలియడం లేదని అర్థం.

ఒక ప్రశ్న మీరు కూడా అడగవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. అప్పటిదాకా 12 శాతం, 28 శాతం ఉన్న సరుకుల్లో అత్యధికం 5కో 18కో వచ్చాయి. సిమెంటు, ఏసీలు 28 నుంచి 18కి దిగాయి. ఆ రోజు ముందు కొని ఆ రోజు తరువాత అమ్మిన సరుకును మీరు ఎలా చూపించారు అని అడగండి. ఆ వారం నిజంగా పనిచేసినవారు తడుముకోకుండా చెబుతారు.

ఇక తేదీల దగ్గరకు వద్దాం. పార్ట్‌టైమ్ మనిషిని పెట్టుకునేటప్పుడు అందరూ మరిచిపోయేది ఇదే.

నెలనెలా రిటర్ను వేసేవారికి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరం, తరువాతి నెల 11లోగా వెళ్లాలి. 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. మీకు సరుకు అమ్మినవారు తమ రిటర్నుల్లో మీ పేరున చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. 20లోగా జీఎస్టీఆర్-3బీ వేసి పన్ను కట్టాలి. టీడీఎస్, అంటే మీరు ఇతరులకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకున్న పన్ను, ఉంటే 7లోగా, వృత్తి పన్ను 10లోగా, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవారు 15లోగా కట్టాలి.

14కూ 20కీ మధ్య ఉన్న ఈ కొన్ని రోజుల్లోనే మీ డబ్బు నిలబడటమో పోవడమో జరుగుతుంది. లెక్క చెబుతాను. మీరు లక్ష రూపాయల సరుకు కొన్నారు, దాని మీద 18 వేలు జీఎస్టీ కట్టారు. ఆ 18 వేలు మీ అమ్మకం పన్నులోంచి తగ్గించుకోవాలంటే ఆ బిల్లు మీ 2బీలో కనిపించాలి. సప్లయర్ రిటర్ను వేయకపోయినా, మీ నంబరులో ఒక అంకె తప్పు రాసినా అది కనిపించదు. అప్పుడు ఆ నెల 18 వేలు మీ జేబులోంచి కట్టాలి. సప్లయర్ తరువాత సరిచేస్తే తరువాత తీసుకోవచ్చు, సరిచేయకపోతే అవి పోయినట్లే. 14న 2బీ తీసి, కొనుగోలు రిజిస్టర్‌తో ఒక్కో బిల్లూ పోల్చి, లేని బిల్లుల జాబితా రాసి, సప్లయర్లకు ఫోన్లు చేసే మనిషి ఉన్నచోట ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. ఆ జాబితా చూసి సప్లయర్‌కు తదుపరి చెల్లింపును కాస్త ఆపే అధికారం యజమానిదే. కాబట్టి ఆ జాబితా మీకు కూడా రావాలి.

మీ మనిషి ఆదివారం ఆదివారం వస్తానంటే సరేనంటారు. ఆ నెల 14 తరువాత, 20లోపు ఒక్క ఆదివారమే వచ్చి, అది 19న పడితే? ఫోన్లు చేయడానికి సప్లయర్ ఆఫీసు తెరిచి ఉండదు. పైగా మీ మనిషికి మీరొక్కరే కాదు. పది చోట్ల రాస్తుంటే ఆ పదిచోట్లా 11 ఒకే రోజు వస్తుంది, 20 ఒకే రోజు వస్తుంది. మీకు తీరిక లేని రోజే తనకూ ఊపిరాడని రోజు. అందుకని మొదటి మాటలోనే అడగండి: మొత్తం ఎన్ని చోట్ల రాస్తున్నారు? 15 నుంచి 18 మధ్య ఒక పూట కచ్చితంగా నాకు ఇవ్వగలరా? వారం రోజులను కాకుండా నెల తేదీలను పట్టుకుని ఒప్పందం చేసుకోండి. నెల మొదటి వారంలో అమ్మకాలు ముగించడానికి కొన్ని పూటలు, 14 తరువాత వెంటనే కొన్ని పూటలు, నెలాఖరులో బ్యాంకు సరిచూడటానికి ఒకటో రెండో. ఈ వరుస కుదిరితే చాలు.

5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవారు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. మనకు ఆ 3బీ గడువు 22. రిటర్ను మూడు నెలలకోసారి కదా అని లెక్కలు కూడా మూడు నెలలకోసారి రాయించవద్దు. మొదటి రెండు నెలల పన్ను ఆయా నెలల తరువాత 25లోగా ఎలాగూ కట్టాలి. 90 రోజుల క్రితం నగదుగా ఇచ్చిన హమాలీ ఖర్చు ఎంతో ఎవరికీ గుర్తుండదు.

ఆలస్యమైతే ఏమవుతుంది? 3బీకి రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. వరుసగా రెండు నెలల రిటర్ను ఆగితే సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు తీయడం ఆగిపోతుంది. 50,000 దాటిన సరుకు గేటు దాటదు. సరుకు తయారై, లారీ వచ్చి నిలబడి, కస్టమర్ ఫోను మీద ఫోను చేస్తుంటే అప్పుడు తెలుస్తుంది లెక్కల మనిషి విలువ.

జీతం ఎంత ఇవ్వాలి? టర్నోవర్ చూసి మాట్లాడవద్దు, ఎంట్రీలు చూసి మాట్లాడండి. నెలకు కొన్ని పెద్ద మోటార్లు అమ్మే కొట్టు టర్నోవర్ కోట్లలో ఉండవచ్చు, బిల్లులు ఒక ఫైలులో పడతాయి. 40 రూపాయల పప్పు, 30 రూపాయల వేపుడు అమ్మే కర్రీ పాయింట్ బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీల మీద పేజీలు వస్తుంది. పని ఎక్కువ రెండోచోటే. ఒక నెల బ్యాంకు వరుసలు, కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు లెక్కపెట్టి చూపించి మాట్లాడుకుంటే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. అలాగే ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా ముందే వేరుచేయండి. పిల్లల ఫీజు, ఇంటి లోను వాయిదా, సరుకు డబ్బు అన్నీ ఒకే ఖాతాలోంచి పోతుంటే మీరు ఇచ్చే జీతంలో సగం "ఇది దేనికండీ" అని అడగడానికే ఖర్చవుతుంది.

ఇప్పుడు మీరందరూ ఒక్క క్షణం ఆలోచించండి. మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోను నంబరు, ఈమెయిలు ఎవరివి? మీవి కానివారు చేతులెత్తండి.

(సభలో పలువురు చేతులెత్తారు.)

చూశారా, ఇంతమంది. ఇందులో ఎవరిదీ దురుద్దేశం కాదు. రిజిస్ట్రేషన్ చేయించిన రోజు మీరు మెషీన్ మీద ఉన్నారు, ఓటీపీకి పదేపదే పిలవడం ఎందుకని ఆ అబ్బాయి తన నంబరు పెట్టుకున్నాడు. తరువాత అతను మానేశాడు, నంబరు మార్చాడు. ఇప్పుడు నోటీసు వచ్చినా ఆ మెయిలుకే పోతుంది. జవాబు గడువు మీకు తెలియకుండానే దాటిపోతుంది. ఆ నంబరు అందుబాటులో లేకపోతే మీ పరిధిలోని పన్ను అధికారి దగ్గరకు కాగితాలు పట్టుకుని వెళ్లి మార్పించుకోవాలి. వెళ్లండి, వాయిదా వేయవద్దు. "అంతా నువ్వే చూసుకో అమ్మా" అని పాస్‌వర్డు కాగితం నా చేతిలో పెట్టిన యజమానులందరికీ నేను ఒకే మాట చెబుతాను: "లేదన్నా, ఓటీపీ మీ ఫోనుకే రానివ్వండి. నేను అడిగినప్పుడు అది దేనికో తెలుసుకుని చెప్పండి." ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌కూ ఇదే వర్తిస్తుంది. డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే అది మీ బీరువాలో ఉండాలి. ఆ పెన్‌డ్రైవ్ లాంటి చిన్న వస్తువు మీ చేతి సంతకమే.

బ్యాంకు విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. లెక్కల మనిషికి స్టేట్‌మెంట్ కావాలి, డబ్బు పంపే అధికారం అక్కర్లేదు. చూడటానికి మాత్రమే వీలుండే లాగిన్ ఇవ్వమని బ్యాంకును అడగండి, లేకపోతే ప్రతి సోమవారం మీరే స్టేట్‌మెంట్ తీసి పంపండి. సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎంత నమ్మకస్తులకైనా ఇవ్వవద్దు. బిల్లు రాసే మనిషి, డబ్బు పంపే మనిషి, లెక్క సరిచూసే మనిషి ఒక్కరే అయిన చోట పొరపాటు జరిగినా బయటపడదు, మోసం జరిగినా బయటపడదు. చిన్న వ్యాపారంలో ముగ్గురు మనుషులు ఉండరు నిజమే. అందుకే డబ్బు పంపే పని యజమాని చేతిలో ఉండాలి.

పన్ను డబ్బును మాత్రం ఎవరి చేతికీ నగదుగా ఇవ్వవద్దు. ఒక బట్టల దుకాణం యజమాని ప్రతి నెలా 20కి ముందు లెక్కలు రాసే కుర్రాడి చేతికి నగదు ఇచ్చేవారు. కుర్రాడు టైపు చేసిన కాగితం చూపించేవాడు. రిటర్నులు వేశాడు, అందులో అబద్ధం లేదు. వేసినవన్నీ నిల్ రిటర్నులు, అంటే అమ్మకమే లేదని చూపేవి. నోటీసు వచ్చిననాటికి కుర్రాడు లేడు. పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ ఆ యజమానే కట్టుకున్నారు. చట్టం ముందు "నేను డబ్బు ఇచ్చాను" అన్న మాట నిలవదు, ఎందుకంటే నంబరు ఆయన పేరున ఉంది. చలానా మీ మనిషి తయారుచేస్తాడు, అది 15 రోజులు చెల్లుతుంది. డబ్బు మీ ఖాతాలోంచి మీరే కట్టండి. ఆ తరువాత పోర్టల్ నుంచి 3బీ కాపీ మీరే దించుకుని, అందులోని మొత్తం, మీ బ్యాంకులో తగ్గిన మొత్తం ఒకటేనా అని చూడండి. ఐదు నిమిషాల పని.

నెలకోసారి ఒక గంట మీ మనిషితో కూర్చోండి. ఆ గంటలో ఫోను పక్కన పెట్టండి. ఎవరు మనకు ఎంత బాకీ, ఎన్ని రోజుల నుంచి? 30 రోజులు దాటినవి, 60 దాటినవి, 90 దాటినవి విడివిడిగా చూపించమనండి. తయారీ, సేవల రంగంలో ఉండి కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కొనుగోలుదారు 45 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలని చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే హక్కు ఉంది. వడ్డీ అడగకపోయినా, బిల్లు మీద ఉద్యమ్ నంబరు ముద్రించి 45వ రోజున ఒక మర్యాదైన ఉత్తరం పంపే మనిషి ఉంటే పెద్ద కంపెనీల దగ్గర మీ ఫైలు కదులుతుంది. బాలానగర్‌లో ఎంతోమంది నెలల తరబడి డబ్బు కోసం ఎదురుచూస్తూ, జీతాలకు బంగారం తాకట్టు పెట్టడం చూసి నాకు బాధేస్తుంది. హక్కు ఉంది, దాన్ని అడగడానికి కావలసిన తేదీల పట్టిక లేదు.

ఆ గంటలోనే బ్యాంకు నిల్వ, పుస్తకం నిల్వ కుదిరాయా అని అడగండి. ఈ నెల కొన్నదానికీ అమ్మినదానికీ మధ్య మిగులు పోయిన నెలకన్నా తగ్గితే ఎందుకు తగ్గిందో అడగండి. మొదట్లో అర్థం కాదు. అర్థం కాలేదని చెప్పి మళ్లీ అడగండి. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పలేని మనిషికి ఆ లెక్క తనకే సరిగ్గా తెలియదు.

నా తోటి లెక్కల మనుషుల తరఫున కొన్ని మాటలు చెప్పనివ్వండి. బిల్లులు 19 రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పంపవద్దు. ఫొటోలో సగం కోసుకుపోయిన బిల్లు మీద నంబరు కనిపించదు. ప్రతి శనివారం ఫైలు సిద్ధంగా ఉంచండి. జీతం ఒక తేదీకి ఇవ్వండి. మీ బాకీదారులు మిమ్మల్ని తిప్పుకుంటే మీకు ఎలా ఉంటుందో మీ లెక్కలు రాసేవారికీ అలాగే ఉంటుంది. ఇంకొకటి, "పన్ను తగ్గించడానికి ఎక్కడైనా ఒక బిల్లు సర్దేయండి" అని అడగవద్దు. సరుకు రాని బిల్లు చూపించి మీ పన్నులోంచి తగ్గించుకుంటే పన్నుతో పాటు అంతే జరిమానా పడుతుంది, మొత్తం పెద్దదైతే జైలుశిక్షకూ చట్టంలో వీలుంది. జీవనం కోసం వచ్చిన మనిషిని ఆ స్థితిలోకి నెట్టడం అన్యాయం. వద్దని చెప్పే ధైర్యం ఉన్నవారిని పోగొట్టుకుంటారు, సరేనన్నవారు మీ దగ్గర మిగులుతారు.

పార్ట్‌టైమ్ మనిషి ఎప్పటికైనా వెళ్లిపోతారు. పెళ్లి అవుతుంది, మంచి ఉద్యోగం వస్తుంది. చేరిన రోజే ఒక పేజీ ఉత్తరం రాసుకోండి: ఏ పనులు, ఏ తేదీలు, ఎంత జీతం, మానాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డేటా ఎవరిది. డేటా మీదే. ట్యాలీ బ్యాకప్ ప్రతి నెలా మీ పెన్‌డ్రైవ్‌లోకి రావాలి, దాని పాస్‌వర్డు మీకు తెలియాలి. జీఎస్టీ పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. అంతకాలం ఒకే మనిషి మీ దగ్గర ఉంటారని అనుకోవద్దు. వెళ్లేటప్పుడు ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక), పెండింగ్ పనుల జాబితా, వచ్చిన నోటీసుల కాపీలు తీసుకుని, అదే రోజు పాస్‌వర్డులు మార్చండి. ఆఖరి జీతం ఆపి బాధపెట్టవద్దు. కాగితాలు అందిన రోజే ఇచ్చేయండి.

ఇక ప్రశ్నలకు ముందు ఒక పని చేద్దాం. అందరూ ఫోన్లు తీయండి. జీఎస్టీ పోర్టల్ తెరవండి, లాగిన్ అక్కర్లేదు. పైన సెర్చ్ ట్యాక్స్‌పేయర్ అని ఉంటుంది. మీ 15 అక్షరాల నంబరు కొట్టండి, మన రాష్ట్రానిది 36తో మొదలవుతుంది. కింద ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారో పట్టిక వస్తుంది. వేశారా లేదా అన్నది మాత్రమే ఇక్కడ కనిపిస్తుంది, ఎంత మొత్తానికి వేశారో లాగిన్ అయ్యి చూసుకోవాలి. మీది చూశాక మీ పెద్ద సప్లయర్ల నంబర్లు కూడా కొట్టి చూడండి. పట్టికలో ఏ నెలైనా ఖాళీగా ఉన్నవారు టీ అయ్యాక నా దగ్గరకు రండి, కూర్చుని చూద్దాం.